ఒక్క గ్రూపు మారిస్తే పేటెంటు వస్తుందా?

రసాయన పేటెంట్ల మీద వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే చిక్కు చుట్టూ తిరుగుతున్నాయి. పదార్థం కొత్తదేనని దరఖాస్తును పరిశీలించే పేటెంట్ ఆఫీసు అధికారి, అంటే ఎగ్జామినర్, కూడా ఒప్పుకుంటాడు. అయినా "ఈ రంగం తెలిసినవాడికి ఇది ఇట్టే తడుతుంది" అని అభ్యంతరం పెడతాడు. ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం.

ప్రశ్న: రసాయనాల డేటాబేస్ సైఫైండర్‌లో వెతికితే మా అణువు ఎక్కడా కనపడలేదు. "ఇంకేం, పేటెంటు ఖాయం" అంటున్నారు మా గైడు గారు. నిజమేనా? థీసిస్ సమర్పించడానికి ఇంకా రెండు నెలలుంది.
(పీహెచ్‌డీ విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: మీ వెతుకులాటతో తేలింది కొత్తదనం ఒక్కటే. అది మొదటి గడప. కొత్తదనాన్ని కొట్టేయాలంటే మీ పదార్థం యథాతథంగా ఒకే పత్రంలో కనపడాలి. రెండో గడప ఇన్వెంటివ్ స్టెప్, అంటే ఇట్టే తట్టని ముందడుగు. దాని దగ్గర ఆ కట్టుబాటు లేదు. ఒక పత్రంలోని అణువునూ, ఇంకో పత్రంలోని సూచననూ, పాఠ్యపుస్తకంలోని సాధారణ జ్ఞానాన్నీ కలిపి "కలిపితే నీది వస్తుంది" అనవచ్చు.

మన 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 2(1)(జేఏ) రెండు సంగతులు అడుగుతుంది. ఉన్న జ్ఞానం కంటే సాంకేతికంగా ముందడుగు ఉండాలి, లేదా ఆర్థిక ప్రాముఖ్యం ఉండాలి, లేదా రెండూ ఉండాలి. దానితోపాటు, ఆ లక్షణం వల్లే ఆవిష్కరణ ఆ రంగంలో నేర్పున్న వ్యక్తికి ఆబ్వియస్ (ఇట్టే తట్టేది) కాకుండా పోవాలి. చాలామంది మొదటి సగం చదివి ఆగిపోతారు. ఖర్చు సగానికి తగ్గింది కాబట్టి పేటెంటు ఇవ్వాలని వాదిస్తారు. తగ్గించిన తీరు ఎవరికైనా తట్టేదే అయితే ఆ వాదన నిలవదు.

కోర్టులు దీన్ని ఎలా తూస్తాయో 2015 నాటి రోష్-సిప్లా తీర్పులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ వరుసగా చెప్పింది. ముందు ఆ నేర్పున్న వ్యక్తి ఎవరో తేల్చాలి. పేటెంటులోని అసలు ఆలోచన ఏదో గుర్తించాలి. ప్రయారిటీ తేదీ (మొదటి దరఖాస్తు వేసిన తేదీ) నాటికి ఆ వ్యక్తికి తెలిసి ఉండే సాధారణ జ్ఞానాన్ని అతనికి ఆపాదించాలి. పాత పత్రాలకూ దీనికీ తేడాలు ఏవో, అవి మామూలు అన్వయమా లేక పలు దశల ఆలోచన, ప్రయోగం కావలసినవా చూడాలి. చివరగా ఆ తేడాలు అతనికి తట్టేవేనా అని నిర్ణయించాలి, అదీ జవాబు తెలిశాక వెనక్కి చూసే చూపుతో కాకుండా. ఈ ఐదింటిలో అందరూ జారేది చివరి మెట్టు మీదే. అణువును ఒకసారి చూశాక దానికి దారి కనపడని రసాయన శాస్త్రజ్ఞుడు ఉండడు.

ఇక థీసిస్ సంగతి. అది థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలోకి ఎక్కిన రోజు నుంచి మీ మీదే ప్రయర్ ఆర్ట్ (ముందే బయటపడ్డ సమాచారం) అవుతుంది. కాబట్టి ముందు దరఖాస్తు, తర్వాత సమర్పణ. సెక్షన్ 31 కింద, విద్వత్సభలో చదివిన పత్రానికి 12 నెలల వెసులుబాటు ఉంది కానీ అది చాలా ఇరుకైనది. మామూలు జర్నల్ వ్యాసాన్ని అది కాపాడుతుందని నమ్ముకోకండి. ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ తాత్కాలిక వివరణ పత్రం) ఇప్పుడే వేసుకోండి. కంప్లీట్ స్పెసిఫికేషన్‌కు 12 నెలల గడువుంటుంది. ఆ ఏడాదిలో చేయాల్సిన పని ఏమిటో కింది జవాబుల్లో ఉంది.

ప్రశ్న: కంపెనీ పాత పేటెంటులోని ఒక ఉదాహరణకూ మా కొత్త కాండిడేటుకూ (మందుగా ఎంచిన అణువుకూ) మధ్య ఒకే ఒక్క సబ్‌స్టిట్యుయెంట్ (అతికిన గ్రూపు) తేడా. మా లీగల్ వాళ్లు పెదవి విరుస్తున్నారు. ఒక్క గ్రూపు తేడా ఉంటే ఎప్పుడూ ఆబ్వియస్సేనా?
(మెడిసినల్ కెమిస్టు, పటాన్‌చెరు)

జవాబు: కాదు. అలాగని ఎప్పుడూ కాకపోవడమూ కాదు. నిర్మాణం ఎంత దగ్గర అన్నది మొదటి చూపు మాత్రమే. తీర్పు తిరిగేది మూడు ప్రశ్నల మీద. నేర్పున్న వ్యక్తి అన్ని అణువుల్లో ఆ అణువు దగ్గరే ఎందుకు మొదలుపెడతాడు? అందులో ఆ స్థానాన్నే, ఆ గ్రూపుతోనే ఎందుకు మారుస్తాడు? మారిస్తే వచ్చే ఫలితం ముందే ఊహించగలిగిందా?

మొదటి ప్రశ్నకు మంచి పాఠం మధుమేహం మందు పయోగ్లిటజోన్. 2007లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు టకేడా-ఆల్ఫాఫార్మ్ కేసులో చూసింది ఇది: పాత అణువుకు పిరిడిన్ రింగు మీద 6వ స్థానంలో మిథైల్ ఉంటే, పయోగ్లిటజోన్‌కు 5వ స్థానంలో ఇథైల్ ఉంది. ఒక కార్బన్ పెంచడం, రింగు మీద ఒక స్థానం జరపడం రసాయన శాస్త్రజ్ఞులు రోజూ చేసే పనులే. కానీ ఆ పాత అణువుతో శరీర బరువు, బ్రౌన్ ఫ్యాట్ పెరుగుతున్నాయని అప్పటి సాహిత్యంలోనే ఉంది. అలాంటి దాన్ని ఎవరు ఏరికోరి మొదలుగా పెట్టుకుంటారు? కోర్టు పేటెంటును నిలిపింది.

రెండో ప్రశ్నకు మన ఊరి కంపెనీ కేసే ఉంది. అదే అమెరికా కోర్టులో 2008 నాటి ఐసాయ్-డాక్టర్ రెడ్డీస్ కేసు, మందు రాబెప్రజోల్ (కడుపులో ఆమ్లం తగ్గించేది). దగ్గరి పాత మందు లాన్సోప్రజోల్, దాని పిరిడిన్ మీద ట్రైఫ్లోరోఇథాక్సీ గ్రూపు ఉంటుంది. రాబెప్రజోల్‌లో అక్కడ మిథాక్సీప్రొపాక్సీ. మొదలుపెట్టడానికి లాన్సోప్రజోల్ సరైనదేనని ఒప్పుకున్నా, దాని గుణానికి ఆ ఫ్లోరిన్ గ్రూపే కారణమని పాత పత్రాలు చెబుతుంటే దాన్నే తీసేయాలని ఎవరికి తోస్తుందన్నది కోర్టు ప్రశ్న. సవాలు వీగిపోయింది.

మన దేశంలో మూడు కేసులు పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఎర్లోటినిబ్ (రోష్-సిప్లా, 2015): పాత ఉదాహరణలో మిథైల్ ఉన్నచోట ఇథైనిల్. నిర్మాణం దగ్గరగా ఉన్నంత మాత్రాన ఆబ్వియస్ అనలేమన్నారు. డాపాగ్లిఫ్లోజిన్ (ఆస్ట్రాజెనికా-ఇంటాస్, 2021): మిథాక్సీ బదులు ఇథాక్సీ. ఇంజంక్షన్ (అవతలి కంపెనీ అమ్మకాన్ని ఆపే ఉత్తర్వు) నిరాకరించారు. రిస్డిప్లామ్ (రోష్-నాట్కో, 2025): సీహెచ్ ఉన్నచోట నైట్రోజన్. మార్చిలో సింగిల్ జడ్జి ఇంజంక్షన్ నిరాకరించారు, అక్టోబరులో డివిజన్ బెంచ్ సమర్థించింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. చివరి రెండూ మధ్యంతర దశలో వచ్చిన నిర్ణయాలని గుర్తుంచుకోండి. పేటెంటు చెల్లుబాటుపై "నమ్మదగ్గ సవాలు" కనపడితే ఆ దశలో చాలు.

తేడా ఎక్కడ వచ్చింది? డాపాగ్లిఫ్లోజిన్‌లో జీనస్ పేటెంటు (అణువుల కుటుంబం మొత్తానికి), స్పీషీస్ పేటెంటు (ఆ ఒక్క అణువుకు) రెండూ ఒకే కంపెనీవి, ఆవిష్కర్తలూ కలిసేవారే. అప్పుడు కొలత సాధారణ నేర్పరి కాదు, "లోపలి సంగతి తెలిసిన వ్యక్తి" అంది కోర్టు. మా అభిప్రాయంలో ఈ కొలత కఠినమైనదే. చట్టంలో ఉన్న మాట నేర్పున్న వ్యక్తి అనే కదా. కానీ దరఖాస్తు రాసేవాళ్లు తమకు నచ్చిన కొలతకు కాదు, వచ్చే అతి కఠినమైన కొలతకు సిద్ధపడాలి. మీ పరిస్థితి సరిగ్గా ఇదే.

అందుకని మీరు చేయాల్సింది: పాత పేటెంటులోని ఆ ఒక్క ఉదాహరణ అణువును మళ్లీ తయారుచేయండి. వీలైతే పక్కనే ఉన్న మరో రెండు మూడింటిని కూడా. మీ కాండిడేటుతో కలిపి ఒకే ప్లేటు మీద, ఒకే బ్యాచ్ కణాల మీద పరీక్షించండి. పాత పేటెంటులో అచ్చయిన ఐసీ50 (సగం మేర అడ్డుకునే గాఢత) అంకెను తెచ్చి మీ ల్యాబ్ అంకె పక్కన పెడితే అది పోలిక కాదు. కణాల పరీక్షల్లో రెండు మూడు రెట్ల తేడా రోజువారీ ఊగిసలాటే, దాని మీద కేసు కట్టకండి. శక్తి దాదాపు సమానంగా ఉన్నా మీ అణువు గుండె లయకు కీలకమైన హెర్గ్ చానెల్‌ను ముట్టుకోకపోతే, లేదా అర్ధాయువు (రక్తంలో మందు సగానికి తగ్గే కాలం) 2 గంటల నుంచి 14 గంటలకు పెరిగితే, అలాంటిదే ఊహించనిది. ఆ ప్రభావం పేరు, దాని అంకె స్పెసిఫికేషన్‌లోనే ఉండాలి. అసలు ప్రస్తావించని ప్రభావానికి తర్వాత అఫిడవిట్ తెస్తే బలం తక్కువ.

ప్రశ్న: రేసిమిక్ మందు (కుడి, ఎడమ రూపాల సమాన మిశ్రమం) నుంచి ఒక ఐసోమర్‌ను విడదీశాం. ఇది ఎప్పటికీ పేటెంటుకు రాదని విన్నాను.
(ఎమ్మెస్సీ విద్యార్థి, తిరుపతి)

జవాబు: ఐసోమర్లలో ఒకటి ఎక్కువ పనిచేస్తుందన్నది ఊహించే సంగతే. అందుకే అమెరికాలో 2007లో రామిప్రిల్ పేటెంటు పోయింది. కానీ 2008లో క్లోపిడోగ్రెల్ నిలిచింది. పనితనమంతా కుడి ఐసోమర్‌లో, నాడీ సంబంధమైన విషప్రభావం ఎడమ ఐసోమర్‌లో అలా పూర్తిగా విడిపోతాయని ముందే చెప్పగలిగేవారు లేరు. అక్కడి తీర్పులు మన ఆఫీసును కట్టిపడేయవు, పైగా ఇక్కడ తెలిసిన పదార్థపు కొత్త రూపాల మీద ఆంక్ష పెట్టే సెక్షన్ 3(డీ) ఐసోమర్లను పేరు పెట్టి చెబుతుంది. రెండు ఐసోమర్లనూ, రేసిమిక్‌నూ విడివిడిగా పరీక్షించిన అంకెలు లేకుండా ముందుకు వెళ్లకండి.

ప్రశ్న: మేము ఏపీఐ (మందులోని అసలు పనిచేసే పదార్థం) తయారుచేస్తాం. ఒక మందుకు కొత్త క్రిస్టల్ రూపం దొరికింది. తేమ పీల్చదు, హాపర్‌లో చక్కగా జారుతుంది, 40 డిగ్రీలు, 75 శాతం తేమలో 6 నెలలు నిలిచింది. పేటెంటు వేయవచ్చా?
(ఉత్పత్తి విభాగాధిపతి, పరవాడ)

జవాబు: మీరు చెప్పిన మూడు గుణాలు సుప్రీంకోర్టు ముందుకు వెళ్లి వచ్చినవే. క్యాన్సర్ మందు ఇమాటినిబ్ మెసిలేట్ బీటా క్రిస్టల్ దరఖాస్తును 1998లో చెన్నైలో వేశారు. వ్యతిరేకించినవారిలో క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్‌తోపాటు హైదరాబాద్‌కు చెందిన నాట్కో, హెటిరో కూడా ఉన్నాయి. 2013 ఏప్రిల్ 1న వచ్చిన తీర్పులో, మెరుగైన జారుడు, ఉష్ణగతిక స్థిరత్వం, తక్కువ తేమ పీల్చడం అనే మూడూ తయారీకి, నిల్వకు పనికొచ్చేవే తప్ప చికిత్సా సామర్థ్యాన్ని పెంచేవి కావన్నారు. 30 శాతం ఎక్కువ బయోఅవైలబిలిటీ (రక్తంలోకి చేరే మందు పాలు) ఉందన్నా, అది రోగం మీద పనితనాన్ని పెంచిందని చూపే డేటా లేదు కాబట్టి చాలదన్నారు. 2005లో సవరించిన సెక్షన్ 3(డీ) ప్రకారం తెలిసిన పదార్థం లవణాలు, ఎస్టర్లు, పాలిమార్ఫ్‌లు, శుద్ధ రూపం, కణ పరిమాణం లాంటివన్నీ, సామర్థ్యంలో గణనీయమైన తేడా చూపితే తప్ప, అదే పదార్థం కింద లెక్క.

3(డీ) వేరు, ఇన్వెంటివ్ స్టెప్ వేరు. ఒకటి దాటితే రెండోది దాటినట్టు కాదు. 3(డీ) లేని దేశాల్లో కూడా మీ రూపానికి దారి సుగమం కాదు. 2011లో యూరోపియన్ పేటెంట్ ఆఫీసు అపీలు బోర్డు అటోర్వాస్టాటిన్ కేసులో, అమార్ఫస్ (క్రమమైన స్ఫటిక రూపం లేని) పదార్థానికి క్రిస్టల్ రూపాల కోసం వెతకడం మామూలు పని, క్రిస్టల్ బాగా వడకట్టబడుతుందని, త్వరగా ఆరుతుందని ఎవరైనా ఊహిస్తారని తేల్చింది. అమ్లోడిపైన్ బెసిలేట్ సంగతీ అంతే. మెలియేట్ లవణం మాత్రలు చేసేటప్పుడు పంచ్‌లకు అంటుకుంటోంది, నిలకడా లేదు. లవణం మార్చారు. ఔషధాల్లో ఆమోదం పొందిన 53 ఆనయాన్ల పట్టిక 1977 నుంచే అచ్చులో ఉంది, అందులోంచి ఏరి పరీక్షించడం రొటీన్ అని 2007లో ఫెడరల్ సర్క్యూట్ పేటెంటు కొట్టేసింది.

కాబట్టి సూటి మాట: ఈ మూడు గుణాలతో ఇండియాలో ప్రొడక్ట్ క్లెయిము (పదార్థం మీదే హక్కు కోరడం) మీద డబ్బు ఖర్చు పెట్టకండి. ఆ రూపం ఊహించని దారిలో వచ్చి ఉంటే, ఉదాహరణకు ఆ సాల్వెంట్‌లో సాల్వేటే (సాల్వెంటు కలిసిన క్రిస్టల్) వస్తుందని సాహిత్యం చెబుతుండగా మీకు అన్‌సాల్వేటెడ్ రూపం నిలకడగా వస్తుంటే, ప్రాసెస్ క్లెయిము (తయారీ పద్ధతి మీద హక్కు కోరడం) గురించి ఆలోచించండి.

ప్రశ్న: పాత పేటెంటులో రియాక్షన్ టాల్యూన్‌లో 80-100 డిగ్రీల దగ్గర. మేము ఎసిటోనైట్రైల్‌లో 45-50కి తెచ్చాం. ఇంప్యూరిటీ బాగా తగ్గింది. ఎఫ్‌ఈఆర్‌లో (పేటెంట్ ఆఫీసు తొలి పరిశీలన నివేదికలో) మాత్రం "రొటీన్ ఆప్టిమైజేషన్" అని కొట్టిపారేశారు.
(ప్రాసెస్ ఆర్ అండ్ డీ, జీడిమెట్ల)

జవాబు: ఈ అభ్యంతరం మూలం చాలా పాతది. 1955లో అమెరికాలో ఇన్ రీ ఆలర్ కేసు ఫినాల్ తయారీ గురించి. పాత పద్ధతి 100 డిగ్రీలు, 10 శాతం యాసిడ్. కొత్త క్లెయిము 40-80 డిగ్రీలు, 25-70 శాతం యాసిడ్. దిగుబడి పెరిగింది కూడా. అయినా, పరిస్థితుల చట్రం తెలిసి ఉంటే అందులో ఉత్తమ అంకెను రొటీన్ ప్రయోగంతో కనుక్కోవడం ఆవిష్కరణ కాదన్నారు. 1985లో టైటానియం మిశ్రమలోహం కేసు ఇంకా బిగువు: క్లెయిము 0.8 శాతం నికెల్, 0.3 మాలిబ్డినం. పాత వ్యాసంలో 0.75-0.25, 0.94-0.31 జంటలున్నాయి. అంత దగ్గర ఉంటే గుణాలూ అవే ఉంటాయని అనుకోవచ్చన్నారు. అక్కడి తీర్పులే అయినా మన ఎగ్జామినర్ల తర్కం కూడా ఇదే దారిలో నడుస్తుంది.

దీన్నుంచి బయటపడే దారులు రెండు. మీరు మార్చిన ఆ అంశానికీ ఈ ఫలితానికీ సంబంధం ఉందని ఎవరికీ తెలియకపోవడం ఒకటి. సాహిత్యం మిమ్మల్ని వెనక్కి లాగుతుండటం రెండోది. "70 డిగ్రీల కింద రియాక్షన్ కదలదు" అని ఏ వ్యాసంలోనైనా ఒక్క వాక్యం దొరికినా దాన్ని మీ జవాబులో మొదటి పేజీలో పెట్టండి.

ఇక అంకెలు. ఇక్కడే ఎక్కువమంది చేజేతులా పోగొట్టుకుంటారు. పాత పేటెంటులోని ఉదాహరణను, అందులో రాసినట్టే, మీ స్కేలులోనే, కనీసం మూడు బ్యాచ్‌లు నడపండి. మీవీ మూడు. అవే ముడిసరుకు లాట్లు, అదే హెచ్‌పీఎల్‌సీ (మలినాలను విడదీసి కొలిచే) పద్ధతి. మీరు సాల్వెంటునూ ఉష్ణోగ్రతనూ కలిపి మార్చారు. అలా మారిస్తే ఏది ఏం చేసిందో మీకే తెలియదు, ఎగ్జామినర్‌కు అసలే తెలియదు. టాల్యూన్ 50 దగ్గర, ఎసిటోనైట్రైల్ దాని మరుగు స్థానమైన 82కు దగ్గరలో కూడా నడపండి. నాలుగు మూలలూ నిండితేనే కారణం ఎక్కడుందో కనపడుతుంది. పాత పద్ధతి క్రూడ్‌ను, మీ పద్ధతి రీక్రిస్టలైజ్ చేసిన సరుకుతో పోల్చకండి. ఏరియా శాతాన్ని బరువు శాతం పక్కన రాయకండి. "మొత్తం ఇంప్యూరిటీలు తగ్గాయి" అని కాక, ఏ ఇంప్యూరిటీ, ఎంత నుంచి ఎంతకు అని రాయండి. 0.40 నుంచి 0.06కు వస్తే దానికి అర్థముంది, ఎందుకంటే రోజుకు 2 గ్రాముల లోపు వాడే మందుకు ఐసీహెచ్ క్యూ3ఏ (అంతర్జాతీయ ఔషధ మార్గదర్శకం) గుర్తింపు పరిమితి మామూలుగా 0.10 శాతం. 0.08 నుంచి 0.06కు వస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోరు.

క్లెయిము 45-50 అయితే 45, 50 దగ్గరా, ఆ గీత దాటి 40, 60 దగ్గరా అంకెలు ఉండాలి. గీత లోపల, బయట ఫలితం ఒకేలా ఉంటే ఆ గీతకు అర్థమే లేదు.

ప్రశ్న: మిరపలో తామర పురుగుకు వేప ఆధారిత మందునూ ఇంకో తెలిసిన పురుగుమందునూ కలిపి చల్లితే చాలా బాగా పనిచేస్తోంది. రెండూ బజారులో ఉన్నవే. కలయికకు పేటెంటు వస్తుందా?
(వ్యవసాయ మందుల తయారీదారు, గుంటూరు)

జవాబు: "బాగా పనిచేస్తోంది" అన్నది ఎంత అన్నదే మొత్తం కేసు. సెక్షన్ 3(ఈ) ప్రకారం విడి పదార్థాల గుణాలు కేవలం కలిసి వచ్చే మిశ్రమం ఆవిష్కరణ కాదు. కూడిక కంటే ఎక్కువ రావాలి, దాన్ని లెక్కతో చూపాలి. అందరూ వాడేది 1967 నాటి కోల్బీ సూత్రం: ఊహించిన ఫలితం = ఎక్స్ + వై − (ఎక్స్ × వై ÷ 100). మొదటి మందు ఒంటరిగా 40 శాతం పురుగును, రెండోది 30 శాతాన్ని చంపితే, ఊహించినది 70 కాదు, 70 − 12 = 58. కలిపి చల్లితే 60 వస్తే అందులో ఏమీ లేదు. 82 వస్తే, అదీ మళ్లీ మళ్లీ వస్తే, మాట్లాడవచ్చు.

మోతాదు దగ్గర పొరపాటు చేస్తారు. రైతు వాడే పూర్తి మోతాదుతో పరీక్షిస్తే ఒక్కో మందే 90 శాతం చంపుతుంది. ఊహించిన అంకె 99, ఇక ఎక్కువ చూపడానికి చోటే లేదు. ఒంటరిగా 20 నుంచి 60 శాతం వచ్చే తక్కువ మోతాదులు ఎంచుకోండి. మిశ్రమంలో ఒక్కో మందు మోతాదు విడిగా చల్లిన మోతాదే ఉండాలి. మందు వేయని మళ్లు తప్పనిసరి. అక్కడ కూడా పురుగు చస్తుంటే ముందు అబ్బాట్ సవరణ చేయాలి: మందు వేసిన చోట 64 శాతం, వేయని చోట 10 శాతం చస్తే, అసలు అంకె (64 − 10) ÷ (100 − 10), అంటే 60 శాతం. నాలుగైనా రెప్లికేషన్లు పెట్టండి, ప్రమాణ విచలనం రాయండి.

నిష్పత్తి 1:1 నుంచి 1:50 దాకా క్లెయిము చేసి, డేటా 1:5 దగ్గర మాత్రమే పెట్టే దరఖాస్తులు చాలా ఉంటాయి. వాటిని ఎగ్జామినర్ 1:5కే కుదిస్తాడు, సరిగానే కుదిస్తాడు. రెండు చివర్లలో, మధ్యలో పరీక్షించండి. ఒక నిష్పత్తిలో సినర్జీ (కూడికను మించిన ఫలితం) ఉండి ఇంకో దాంట్లో లేకపోవడం మామూలే.

వేప ఉంది కాబట్టి ఇంకో రెండు సంగతులు. సంప్రదాయ జ్ఞానం మీద సెక్షన్ 3(పీ) అభ్యంతరం రావచ్చు. పసుపుతో గాయాలు మాన్పడంపై అమెరికాలో ఇచ్చిన పేటెంటును సీఎస్ఐఆర్ పాత గ్రంథాల ఆధారాలతో 1997లో రద్దు చేయించింది, వేపనూనె శిలీంద్ర నాశినిపై యూరప్ పేటెంటు కూడా రద్దయింది. ఇక జీవవనరుల వాడకానికి జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దగ్గర పూర్తి చేయాల్సిన పని ఉంది. అది పేటెంటు మంజూరుకు ముందే కావాలి.

ప్రశ్న: ఎఫ్‌ఈఆర్‌లో "డీ1, డీ2 కలిపితే ఆబ్వియస్" అని రెండే లైన్లు రాశారు. దేనికి జవాబివ్వాలి?
(స్టార్టప్ నిర్వాహకుడు, విశాఖపట్నం)

జవాబు: గడువు ముందు చూసుకోండి. ఎఫ్‌ఈఆర్ వెలువడిన నాటి నుంచి 6 నెలలు. అవి దాటకముందే ఫారం 4 వేస్తే 3 నెలల దాకా పొడిగింపు ఉంటుంది. తర్వాత డీ1, డీ2 (ఎగ్జామినర్ ఎత్తిచూపిన పాత పత్రాలు) ప్రచురణ తేదీలు. మీ ప్రయారిటీ తేదీ తర్వాత ప్రచురితమైన పాత దరఖాస్తు కొత్తదనం మీద ప్రయర్ క్లెయిమింగ్ (ముందే కోరిన హక్కు) కింద అడ్డురావచ్చు కానీ ఇన్వెంటివ్ స్టెప్‌కు పనికిరాదు. ఈ ఒక్క తనిఖీతో కొన్ని అభ్యంతరాలు అక్కడికక్కడే పోతాయి.

తేదీలు సరిగ్గానే ఉంటే, క్లెయిములోని ఒక్కో అంశం డీ1లో ఉందా, డీ2లో ఉందా అని పట్టిక వేయండి. రెండింట్లోనూ లేనిది ఏదో అక్కడే బయటపడుతుంది. ఆ తేడా వల్ల వచ్చిన ఫలితాన్ని స్పెసిఫికేషన్‌లోని ఉదాహరణ నంబరుతో చూపండి. డీ1 చదివినవాడు డీ2 ఎందుకు తెరుస్తాడో అడగండి. డీ1 మందు, డీ2 రంగుల పరిశ్రమ అయితే ఆ ప్రశ్నకు బరువుంటుంది. రెండూ ఒకే మందు గురించయితే ఉండదు, అప్పుడు ఆ వాదన ఎత్తుకోకపోవడమే మంచిది. 2022లో అగ్రిబోర్డ్ కేసులో ఢిల్లీ హైకోర్టు, పేటెంట్ ఆఫీసు కంట్రోలర్ పాత పత్రంలో ఏముందో, దరఖాస్తులో ఏముందో, ఒకదాన్నుంచి మరొకటి ఎలా తడుతుందో మూడూ చర్చించకుండా తిరస్కరించకూడదంది. హియరింగ్‌లో ఈ తీర్పును చూపవచ్చు. కానీ దీని వెనక దాక్కుని సాంకేతిక జవాబు ఎగ్గొట్టకండి.

క్లెయిము కుదించాల్సి వస్తే సెక్షన్ 59 పరిధిలోనే, అంటే స్పెసిఫికేషన్‌లో ముందే ఉన్నదానికే. "మాది విశిష్టమైనది, చౌకైనది" లాంటి వాక్యాలు పూర్తిగా తీసేయండి. అమ్మకాలు, అవార్డులు చివర్లో ఒక పేరా చాలు.

ప్రశ్న: వేరే కంపెనీ దరఖాస్తును మేము ఆబ్వియస్ అని అడ్డుకోవాలి. ఎలా?
(జెనరిక్ మందుల సంస్థ, సంగారెడ్డి జిల్లా)

జవాబు: దరఖాస్తు ప్రచురితమయ్యాక, మంజూరయ్యే లోపు సెక్షన్ 25(1) కింద ఎవరైనా ఫారం 7ఏ వేయవచ్చు. ప్రచురణ తర్వాత 6 నెలలు దాటేదాకా మంజూరు చేయరు. మంజూరయ్యాక అయితే అది ప్రకటించిన నాటి నుంచి ఏడాది లోపు, ఆసక్తి ఉన్న పక్షం మాత్రమే, ఫారం 7. ఆధారం రెండు చోట్లా క్లాజు (ఈ).

ఆరేడు పత్రాలు గుట్టగా పెట్టకండి. అన్ని పత్రాలు కలిపితే తప్ప రాని ఆవిష్కరణ ఆబ్వియస్ కాదని అవతలివాళ్లు మీ గుట్టనే చూపిస్తారు. ఒకటి దగ్గరిది, ఒకటి ఆ మార్పును సూచించేది, ఒక పాఠ్యపుస్తకం పేజీ చాలు. వాళ్ల స్పెసిఫికేషన్‌లోని పోలిక పట్టికను జాగ్రత్తగా చదవండి. చాలాసార్లు అది అసలు దగ్గరి ఉదాహరణతో కాదు, దూరపు దానితో చేసిన పోలిక. అసలు దానితో మీరు ప్రయోగం చేసి, నిపుణుడి అఫిడవిట్‌తో అంకెలు పెడితే, నలభై పేజీల వాదన కంటే ఆ ఒక్క పట్టిక ఎక్కువ పనిచేస్తుంది.

ప్రశ్న: విఫలమైన ప్రయోగాలను స్పెసిఫికేషన్‌లో రాస్తే మనకే నష్టం కదా?
(పేటెంట్ అసోసియేట్, హైదరాబాద్)

జవాబు: ఇంతకంటే హాని చేసే అపోహ ఇంకొకటి లేదు. పన్నెండు సాల్వెంట్లు చూస్తే పదకొండింట్లో రియాక్షన్ ఆగిపోయిందన్న పట్టికే, పన్నెండోది ఇట్టే తట్టలేదని చెప్పే సాక్ష్యం. అవి కంపెనీ రహస్యాలైతే అన్నీ బయటపెట్టనక్కర్లేదు, క్లెయిముకు దగ్గరగా ఉన్న నాలుగైదు పోలిక ఉదాహరణలుగా రాయండి. ఒక్క జాగ్రత్త: అన్నీ వరసగా, పద్ధతి ప్రకారం చూసుకుంటూ పోతే తప్పక దొరికేదే అనిపించేలా రాయకండి. ఏది ఏ కారణంతో ఎంచుకున్నారో, ఏది అనుకున్నదానికి విరుద్ధంగా వచ్చిందో రాయండి. ల్యాబ్ నోట్‌బుక్‌లో ప్రతి పేజీకి తేదీ, సాక్షి సంతకం ఉండాలి. క్రొమాటోగ్రామ్‌ల ముడి ఫైళ్లను పేటెంటు కాలం 20 ఏళ్లూ దాచండి, ఎందుకంటే రద్దు కోరుతూ వచ్చే కేసు ఆఖరి ఏడాదిలో కూడా రావచ్చు.